అక్క గొంతుకు సరిపడే డబ్బా

మొన్న ఆదివారం మా పక్కింటతను ఫోనులో నాలుగైదు సౌండ్ బాక్సుల బొమ్మలు పట్టుకుని మా గడప ఎక్కాడు. మనవరాలికి ఇరవై ఒకటో రోజు చేస్తున్నారట, యాభై మందికి మించి రారట, చేత్తో పట్టుకుపోయేంత తేలికైన బాక్సు ఏదో నేనే చెప్పాలట. బోధన్‌లో ఏళ్ల తరబడి మైక్ సెట్ నడిపినవాణ్ణి కాబట్టి ఇలాంటివి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతానని అతని నమ్మకం. పాపం, అతనికేం తెలుసు, పోయిన ఏడాది అచ్చం అలాంటి డబ్బా ఒకటి ఎంచుకోవడానికి నేను పడ్డ గాభరా నా వృత్తి మొత్తంలో ఏ మంత్రిగారి మీటింగుకూ పడలేదు.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సౌండ్ అంటే బరువే. యాంప్లిఫయర్ ఒకరు, కారు బ్యాటరీ ఒకరు, రెండు లౌడ్‌స్పీకర్ గొట్టాలు ఒకరు, వైరు చుట్ట ఒకరు మోస్తే తప్ప పెళ్లింటికి చేరేవాళ్లం కాదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించేసి ఖాళీగా తిరిగిపోయే బండి దొరికితే అదే మాకు వాహనం, ఆ బండి మీద కాళ్లు వేలాడేసుకుని వర్ని దాకా, చందూర్ దాకా పోయిన రోజులున్నాయి. నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ గొట్టాన్ని ఇంటి కప్పు మీద ఊరివైపు కట్టించేవాడు, మైకును మాత్రం ఎప్పుడూ దానికి వెనకే పెట్టించేవాడు. ముందుకు పోయిందా, గొట్టంలోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులో పడి సెట్టు కూతపెట్టేది, ఉస్తాద్ చేతిలోని స్క్రూడ్రైవర్ నా నెత్తిన పడేది. తర్వాత నన్ను చెరకు తోటల్లోకి నడవమనేవాడు. గొంతు ఎక్కడ తప్పిపోతుందో అక్కడ ఆగి చేయి ఊపాలి, అంత దూరం మా సెట్టుది. సెట్టు మంచిదా కాదా అనేది దూరాన్ని బట్టే చెప్పేవాళ్లం, ఇంకో కొలత మాకు తెలియదు.

ఆ గొట్టాలేవీ అక్కరలేని మనిషి ఒక్కతే ఉండేది, మా అక్క. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది, బోధన్‌లోనే మాకు రెండు వీధుల అవతలికి కోడలుగా వెళ్లింది. ఆ వీధిలో బతుకమ్మ నాడు పాట ఎత్తుకునేది తనే. తను ఒక మాట అంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అని అందుకునేవాళ్లు, తనకు దమ్ము చాలకపోతే పక్కనున్న ఇంకో ఆవిడ తర్వాతి మాట ఎత్తుకునేది, పాట మాత్రం ఆగేది కాదు. ఊళ్లన్నిటికీ మైకు పెట్టే తమ్ముడుండి అక్క వీధికి పెట్టకపోతే ఎట్లా అని ఒక ఏడాది నాకు బుద్ధి పుట్టింది. సెట్టు మోయించుకుపోయి క్యాసెట్ వేశాను. ఆడవాళ్లు సంబరపడ్డారు, పాడే పని తప్పిందని నవ్వుకుంటూ తిరిగారు. అక్క మాత్రం, "మంచిగుంది తమ్మీ," అని ఒక్క మాట అనేసి అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత క్యాసెట్ పోయింది, డీజే వచ్చింది. నేను చేసిన పని ఏమిటో నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది.

రెండేళ్ల కింద అక్కకు గొంతులో గడ్డ తీశారు. గొంతు తిరిగి వచ్చింది గానీ సన్నబడిపోయింది, వంటింట్లోంచి మాట్లాడితే ముందుగదిలోకి వినబడదు. గడ్డ మళ్లీ పెరుగుతోందని పోయిన ఏడాది ఇంకో ఆపరేషన్ చెప్పారు, దసరా వెళ్లిన వారానికి రోజు ఖాయం చేశారు. ఈసారి గొంతు నిలుస్తుందన్న భరోసా ఇవ్వలేమని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ఆ మరునాడే అక్క మా ఇంటికొచ్చి, నీళ్లయినా ముట్టకుండా, "తమ్మీ, గీ పారి బతుకమ్మ నేనే పాడుత. మల్ల ఏడాదికి గొంతు ఉంటదో ఉండదో. గల్లీల అందరికి ఇనపడేటట్టు ఏదన్న సూడు," అంది. నా పాత సెట్టు ఎప్పుడో అమ్మేశాను. పైగా నా నడుముకూ కత్తి పడింది, ఐదు కిలోలు దాటిన వస్తువును ఎత్తవద్దన్నారు. సరేనని తల ఊపాను.

ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ పోయాం. మా ఉస్తాద్ కొడుకుది అక్కడ సౌండ్ దుకాణం. చక్రాల మీద నడిచేవి, రంగురంగుల దీపాలు వెలిగేవి వరసగా నిలబెట్టి ఒక్కొక్కటే మోగించాడు. "చాచా, బేస్ సూడు, అద్దాలు అదురుతున్నయ్," అని అతను మురిసిపోతుంటే నేను తల అడ్డంగా ఊపాను. ఆ దడదడలో అక్క మాట ఒక్కటీ బతకదు. తేలికవి తీయమంటే అవి గీపెట్టినట్టు మోగాయి. పాత అలవాటు పోతుందా, నేను రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి వింటున్నాను, ఆటోల మోతలో ఏమీ వినబడక ఇంకా కంగారు పడుతున్నాను. అతను దుకాణంలోంచే కేకేశాడు. "చాచా, గల్లీల బతుకమ్మకు గంత దూరం పోతున్నవేంది? చెరకు తోటకు ఇనిపిస్తవా?"

మైకు చేతికిచ్చి అక్కను పాడమంటే పాడదు. మగవాళ్లతో నిండిన దుకాణంలో నోరు విప్పదు. పాడకపోతే నాకెట్లా తెలుస్తుందని నేను విసుక్కున్నాను. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది, చేతిలో మైకు ఉన్నదన్న సంగతి మరిచిపోయి నన్ను సన్నగా తిట్టడం మొదలుపెట్టింది. "పొద్దుగాల్ల చాయ గూడ తాగనియ్యకపోతివి, కాళ్లు గుంజుతున్నయ్, గీ డబ్బలల్ల ఏమున్నదని గంట సేపటి సంది సూస్తున్నవ్?" ఆ క్షణాన మోగుతున్నది నాలుగు కిలోల చిన్న బాక్సు, భుజానికి తగిలించుకునే పట్టీ ఉన్నది. తిట్టు తిట్టంతా, కాళ్లు గుంజడంతో సహా, దుకాణం చివరిదాకా మాట మాటగా వినబడింది. అందరూ నవ్వారు, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను మాత్రం ఇదే ఇచ్చెయ్యమన్నాను.

తెచ్చాక కుదురుగా ఉన్నానా అంటే లేదు. చార్జింగ్ దీపం ఆకుపచ్చగా ఉందో లేదో రోజుకు మూడుసార్లు చూసుకున్నాను. దాంతో వచ్చిన వైరు లేని మైకుకు సెల్లులు రెండు జతలు అదనంగా కొన్నాను. వాన పడితే కప్పడానికి ప్లాస్టిక్ కవరు సిద్ధం చేసుకున్నాను. ఇన్ని చూసుకున్నవాణ్ణి చూసుకోవలసినది ఒక్కటి వదిలేశాను.

ఆ సాయంత్రం వీధి మధ్యలో బతుకమ్మలు పెట్టారు. అందరికీ సమానంగా వినబడాలని బాక్సును వాటి పక్కనే పీట మీద పెట్టాను. అక్క మైకు పట్టుకుని మొదటి మాట ఎత్తుకుంది. సన్నగా, వణుకుతూ, అయినా స్పష్టంగా వీధంతా పరుచుకుంది. ఉయ్యాలో అని వలయం కదిలింది. పావు చుట్టు తిరిగి అక్క బాక్సు ముందుకు వచ్చేసరికి అది చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. మైకు ఎప్పుడూ వెనకే ఉండాలని నెత్తిన కొట్టించుకుని మరీ నేర్చుకున్నవాణ్ణి, బతుకమ్మ ఆడే మనిషి నిలబడి పాడదని, చుట్టూ తిరుగుతుందని, తిరిగే మనిషికి వెనక అనేది ఉండదని తట్టలేదు. సౌండ్ తగ్గిస్తే అక్క వినబడదు, పెంచితే కూత. అక్క తప్పు తనదే అనుకుని మైకును నోటికి దూరం చేసింది, పెదాలు కదులుతున్నాయి, పాట లేదు. పక్క వీధి డీజే మోత మాత్రం బాగా వినబడుతోంది. ఆమెకు ఇక మిగిలినది ఈ ఒక్క సాయంత్రం, దాన్ని నా చేతులారా పాడుచేస్తున్నాను.

ఏం ఆలోచించానో నాకే తెలియదు, వలయం లోపలికి దూరాను. ఆడవాళ్లు రెండు తాంబాలాలు పక్కకు జరిపి నాకు అడుగు మోపే చోటిచ్చారు. పట్టీ మెడలో వేసుకుని, బాక్సును రొమ్ముకు ఆనించుకుని, అక్కకు వీపు తిప్పి నిలబడ్డాను. అక్క ఎటు నడిస్తే అటు నా వీపు తిరగాలి, అప్పుడే బాక్సు ముఖం ఆమెకు ఎదురు పడదు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ మగవాడు బతుకమ్మల నడుమ గిర్రున తిరుగుతుంటే పిల్లలు పగలబడి నవ్వారు, నా కోడలు ఫోనులో తీసింది కూడా. నవ్వుకోనీ. కూత ఆగింది, పాట సాగింది. ఆమె నాకు కనబడదు, వెనక గొంతును బట్టే తిరగాలి. అన్నేళ్లు మైకులు పెట్టినవాణ్ణి, అక్క పాటను మొదటి నుంచి చివరిదాకా నిలబడి వినడం అదే మొదటిసారి.

మూడో పాట సగంలో ఆ గొంతు ఆగిపోయింది. దమ్ము తీసుకుంటోందేమో అనుకున్నాను. మళ్లీ రాలేదు. తల తిప్పి చూస్తే అక్క మైకును పక్కనున్న ఆవిడకు అందిస్తోంది. ఆవిడ, "అమ్మో, నాకు రాదు," అని ఇంకొకరికి ఇచ్చింది. మైకు చేతులు మారుతూ వలయం చుట్టూ తిరిగి వచ్చింది. అందరికీ ఉయ్యాలో అనడం వచ్చు, ముందు మాట ఒక్కరికీ రాదు. ఎటు వీపు పెట్టాలో తెలియక నేను నడుమ నిలబడిపోయాను. చివరికి అక్క కోడలు చొరవ చేసి తన ఫోనును బాక్సుకు కలిపింది, రికార్డు పాట మొదలైంది, ఆడవాళ్లు ఊపిరి పీల్చుకుని మళ్లీ తిరిగారు.

ఆపరేషన్ బాగానే జరిగింది, అక్క క్షేమంగా ఉంది, గొంతు మాత్రం డాక్టరు భయపెట్టినట్టే అయింది. సౌండ్ తేలికైంది, ఎవరైనా ఒంటిచేత్తో మోసుకుపోవచ్చు, మా కాలంలో నలుగురికి భుజాలు ఒరుసుకుపోయేవని చెబితే నమ్మేవాళ్లు లేరు. కానీ అప్పట్లో ఒక గొంతు ఆగితే అందుకోవడానికి పది గొంతులుండేవి, వాటికి ఆ పని తప్పించినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. ఆ సాయంత్రం రికార్డు పాట నడుస్తున్నప్పుడు బాక్సు ఎటు తిరిగి ఉన్నా కూత పెట్టదు, అక్కవైపు తిరగడానికి నాకు అడ్డమేమీ లేదు. ఆమె చప్పట్లు నా వెనక వినబడుతూనే ఉన్నాయి. పాట అయిపోయేదాకా నేను ఆమెకు వీపు పెట్టే నిలబడ్డాను.