నీళ్లలో నిలవని పిండి ఉండ

జనగామలో పశువుల దాణా దుకాణం ముందు నుంచి పోతుంటే పల్లిచెక్క వాసన ముక్కుకు తగిలింది. వెంటనే ఒక మహాగాథ చెప్పాలనిపించింది: ఒక వీరుడు, సముద్రమంత చెరువు, ఎన్నడూ ఓడని చేప. నిజానికి వీరుడు మా బాపు, చెరువు జఫర్‌గఢ్ దగ్గర మా ఊరిది, చేపకైతే యుద్ధం జరుగుతున్న సంగతే తెలియదు. కథంతా గోధుమపిండి గురించి.

వానాకాలం చివర, మక్క కంకులు కాల్చిన పొగ వాకిళ్లలో తిరుగుతూ, కట్ట మీద తంగేడు విరగబూసి, సద్దుల బతుకమ్మకు నువ్వులు వేయించే వాసన వాడంతా నిండే రోజుల్లో, బాపు పొద్దున్నే చేను దగ్గరి గుడిసెలో గోధుమపిండి, పల్లిచెక్క పొడి, కాస్త బెల్లం కలిపి గాలానికి గుచ్చే ఉండలు చేసుకుని చెరువుకు పోయేవాడు. ఆ ఉండలు నీళ్లలో ఎంతసేపున్నా కరిగేవి కావు. ఎట్లా అని అడిగితే నవ్వేవాడు. మా ఇంట్లో దాగిన గుట్టు అదొక్కటే. మిగతావన్నీ అమ్మ వాడకట్టుకు ఎప్పుడో చెప్పేసింది.

నాకు పదకొండేళ్లప్పుడు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. అక్షరాలు ముందే లేవు కాబట్టి ఆ నష్టం తప్పింది. దవాఖాన నుంచి వచ్చాక ఎడమచేత్తో చూరులోని గాలాన్నే చూపించాడు.

"ఒక్క చేపన్న పడితే మనిషి జర తేరుకుంటడే," అంది అమ్మ.

పిండి కలిపే పని నాకు పడింది. బాపును ఆటోలో కట్ట దాకా తీసుకుపోయి, కుర్చీలో కూర్చోబెట్టి, గాలం ఎడమచేతికి ఇచ్చేవాళ్లం. నా ఉండ నీళ్లు తగలగానే చాయ్‌లో బిస్కెట్టులా విడిపోయేది. ఒట్టి ముల్లు పైకొచ్చేది.

ఇంటికొచ్చి మళ్లీ పిండి పిసుకుతుంటే బాపు నా చేతిలోని ముద్దను చూసి, పొయ్యి వైపు వేలు చూపేవాడు.

"అమ్మా, బాపుకు చాయ్ కావాల్నట!"

నేనే పెట్టి ఇచ్చేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ పొయ్యినే చూపేవాడు.

"ఏంది బాపూ, చక్కెర ఎక్కువైందా?"

చక్కెర తగ్గించి ఇంకోటి పెట్టేదాన్ని. చివరికి నా మొహం చూసి తాగేసేవాడు. ఆ దసరాకు మా వాడలో అందరికంటే ఎక్కువ చాయ్ తాగింది మా బాపే.

దీపావళికి ముందే పోయాడు. ఒక్క చేపా పడలేదు.

ఏళ్ల తర్వాత రేగొండలో, బాపు చెల్లెలైన మా మేనత్త ఇంట్లో, అందరినీ నవ్విద్దామని ఈ చాయ్ కథ చెప్పాను. అందరూ నవ్వారు, అత్త తప్ప.

"చాయ్ గాదే పిల్లా, ఉండలు ఉడకపెట్టుమన్నడు. చిన్నప్పుడు మేమిద్దరం గట్లనే చేసెటోళ్లం. ఉడికినయి కరగయి."

"గంతేనా అత్తా?"

"గంతే."

తర్వాత ఆ కథ ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు తప్ప. చేను అమ్మేశాం, గుడిసె కూలింది, కట్ట వెడల్పు చేసినప్పుడు తంగేడు పోయింది. మొన్న నేనొక ఉండ ఉడికించి గ్లాసు నీళ్లలో వేశాను. గంటైనా చెక్కుచెదరలేదు. నీళ్లు మసిలాక వేస్తే మూడు నిమిషాలు చాలు. మూత పెట్టనక్కర్లేదు.