మంచాలక్కల రద్దు

సంఘాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆయన్ని అందరూ కొలబద్ద అనేవారు. ఎదుట కాదులెండి, చాటున. ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఫైలునూ తప్పుతో దాటనివ్వలేదని ఆయనకు మహా గర్వం. ఆ గర్వం ఎవరి కొంప ముంచిందో రిటైరయ్యాక గానీ తెలిసిరాలేదు.

మంచాలక్కలని ఊళ్ళో ఒక సంఘం ఉండేది. ఏడుగురు ఆడవాళ్ళు. మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన గదిలో రోగుల మడతమంచాలు, చక్రాల కుర్చీలు పెట్టుకుని, ఇంట్లో మంచానపడ్డవాళ్ళకు ఊరికే ఇచ్చేవారు. అవసరం తీరాక కడిగి, ఎండబెట్టి, ఇంకొకరికి. రిజిస్ట్రేషన్ ఉంటేనే ఆ గది.

ఒక ఏడాది వాళ్ళు తీర్మానాలు రాసుకునే పుస్తకం కొలబద్ద దగ్గరికి తనిఖీకి వచ్చింది. అందులో ఏడు సంతకాలూ ఉన్నాయి. ఒకటి బట్టలు కుట్టే ఆవిడది. ఆవిడ పోయి అప్పటికే ఐదు నెలలు. సంఘం కార్యదర్శి ఒకప్పుడు నర్సు. పిలిపించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నేనే పెట్టానండీ. దాని పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. కొట్టేస్తే నిజంగా పోయినట్టే కదా అనిపించింది."

రూలు ప్రకారం సరిదిద్దుకోమని ముప్పై రోజుల గడువు ఇవ్వాలి. సంఘానికి కనీసం ఏడుగురు ఉండాలి గనక, ఆ ఖాళీలో ఇంకొకరిని చేర్చుకుంటే సరిపోయేది. కానీ ఆ పొద్దున్నే పై అధికారి అందరి ముందూ "నీ బల్ల మీద ఫైళ్ళు గుట్టలు పడ్డాయేమిటయ్యా" అని దులిపేశాడు. ఆ ఉక్రోషం కొద్దీ కొలబద్ద దొంగ సంతకమని రాసి, రద్దు చేసి, ఫైలు కట్టేశాడు. గది పోయింది. మంచాలు వరండాలో వానకు తడిసి తుప్పుపట్టాయి.

ఎనిమిదేళ్ళకు ఆయన భార్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అద్దెకైనా రోగుల మంచం దొరుకుతుందా అని మందుల షాపులో అడిగాడు.

"ఇదివరకు మంచాలక్కలుండేవారు సార్. ఎవడో మహానుభావుడు మూయించేశాడు" అన్నాడు షాపతను.

ఆ మాట ఆయన్ని నెల్లాళ్ళు నిద్రపోనివ్వలేదు. చివరికి కొత్త దరఖాస్తు తానే నింపి, కార్యదర్శిగా ఉన్న ఆ నర్సమ్మ తలుపు తట్టాడు.

"మళ్ళీ మొదలుపెట్టండమ్మా. కాగితాలన్నీ నేను చూసుకుంటాను."

"ఎవరితో బాబూ? నా సంతకం వల్లే సంఘం పోయిందని వాళ్ళు నాతో మాట మానేశారు. వాళ్ళననుకుని ఏం లాభం? చేసింది నేనేగా."

నోరు మూసుకుని ఉంటే అక్కడితో సరిపోయేది. ఆయన వల్ల కాలేదు.

"సరిదిద్దుకోడానికి మీకు ముప్పై రోజులు ఇవ్వాలమ్మా. నేనే ఇవ్వలేదు. ఆ రోజు కోపంలో ఉన్నాను."

ఆవిడ తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"ఎనిమిదేళ్ళు బాబూ" అంది. లోపలికెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. "నాకు చెప్తే ఏం లాభం? పదండి, వాళ్ళకి చెప్పండి. ఇద్దరే మిగిలారు."