థామస్ గారి పూర్వపక్షం

కోవిడ్ సద్దుమణిగి పాఠాలు మళ్లీ తరగతి గదుల్లోకి వచ్చిన ఏడాది, ఆగస్టులో నన్ను తత్వశాస్త్ర విభాగానికి చైర్‌గా నియమించారు. న్యూజెర్సీలో, పిస్కాటవేకి కారులో గంట దూరాన ఉన్న చిన్న క్యాథలిక్ కాలేజీ అది. చైర్ అంటే మనవైపు శాఖాధిపతి. అధికారం తక్కువ, మీటింగులు ఎక్కువ. విభాగంలో మేం ముగ్గురమే: నేను, ఫాదర్ మార్టిన్ అనే వృద్ధ సన్యాసి, అన్వేష అనే అమ్మాయి.

ఫాదర్ మార్టిన్ చెప్పే కోర్సు ఒక్కటే. పదమూడో శతాబ్దపు ఇటలీ సన్యాసి, తత్వవేత్త థామస్ గురించి. ఫాదర్‌దీ అదే సన్యాసుల సంఘం కాబట్టి సొంత పెదనాన్న సంగతులు చెప్పినట్టు చెప్పేవారు. థామస్‌ది నేపుల్స్ దగ్గర పెద్ద జమీందారీ కుటుంబం. కొడుకును పేరున్న మఠానికి అధిపతిని చేద్దామని ఇంట్లోవాళ్ల ఆలోచన. ఆయన వెళ్లి భిక్షమెత్తుకునే సన్యాసుల్లో కలిశారు. అన్నలు దారి కాచి పట్టుకొచ్చి ఏడాదిపాటు కోటలో బంధించారు. మనసు మారలేదు. మనిషి భారీగా ఉండి, నోరు విప్పేవారు కాదు గనుక తోటి విద్యార్థులు మూగ ఎద్దు అని పేరు పెట్టారు. ఆ ఎద్దు రాసినవి తరువాత బీరువాలకు బీరువాలు నింపాయి. ఆయన పోయిన కొన్నేళ్లకే పారిస్ బిషప్ తప్పుడు సిద్ధాంతాలంటూ కొన్నింటిని నిషేధిస్తే, వాటిలో ఈయనవీ దొర్లాయి. యాభై ఏళ్లు గడిచేసరికి అదే చర్చి ఆయన్ని సెయింట్‌ను చేసింది. క్యాథలిక్ గురువుల చదువుకు ఇప్పటికీ ఆయనే పునాది. ప్రొఫెసర్ల ఉద్యోగాలు ఖాయం చేసే టెన్యూర్ కమిటీలు కూడా ఇంత నాన్చవని ఫాదర్ అనేవారు.

నేను తెనాలిలో పుట్టిన హిందువును. తర్కం చెప్పడానికి చేరి థామస్‌లో పడ్డాను. కారణం ఆయన పద్ధతి. ఏ ప్రశ్న తీసుకున్నా ముందు తనకు విరుద్ధమైన వాదాలన్నీ వరసగా పెడతారు. దేవుడున్నాడా అన్న ప్రశ్నకు కూడా, లేడనిపిస్తోందనే మొదలుపెట్టి, లోకంలో ఇంత చెడు ఉంది కదా అని కారణం కూడా చూపిస్తారు. ఆ తరువాతే తన నిర్ణయం, ఒక్కో అభ్యంతరానికి జవాబు. మన శాస్త్రాల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అనేవి ఇవే. మొదటిసారి చదివినప్పుడు, అమ్మో, ఈయన మనవాడే అనుకున్నాను.

అన్వేష న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మా దగ్గర అడ్జంక్ట్, అంటే కోర్సుకింత అని ఇచ్చి పాఠం చెప్పించుకునే తాత్కాలిక అధ్యాపకురాలు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు. మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ, మధ్యాహ్నం భోజనం పార్కింగ్ లాట్‌లోనే కానిచ్చేది. నలుగురిలో నన్ను ప్రొఫెసర్ అనేది, ఎవరూ లేకపోతే ఆంటీ అనేది. విభాగాల పనితీరు తేల్చే ప్రోగ్రామ్ రివ్యూ ఆ ఏడాదే ఉంది, అందులో మా విభాగం నిలబడితే ఆమెను ఫుల్‌టైమ్‌లోకి తీసుకుంటామని డీన్ మాట ఇచ్చాడు.

ఆ రివ్యూకు ఒక పద్ధతి ఉంది. విభాగం తన గురించి తానే సెల్ఫ్ స్టడీ అనే నివేదిక రాసుకోవాలి. అది డీన్‌కు, ఆయన నుంచి ప్రొవోస్ట్‌కు, అంటే చదువుల విషయంలో కాలేజీ అధ్యక్షుడి తరువాతి అధికారికి, అక్కడి నుంచి ట్రస్టీల బోర్డుకు వెళ్తుంది. విభాగం ఉండాలా, మూసెయ్యాలా అన్నది బోర్డు తేలుస్తుంది.

మిగతా విభాగాలు రంగురంగుల బొమ్మలతో తమ గొప్పలు రాసుకున్నాయి. మనది థామస్ పద్ధతిలో ఉండాలని ఫాదర్ పట్టుబట్టారు. నాకూ నచ్చింది. ఇక్కడ ఇలాంటి నివేదికలు తలా ఒక భాగం పంచుకుని రాయడం ఆనవాయితీ. అభ్యంతరాలు అన్వేషకు, జవాబులు నాకు, భాష సరిచూడడం ఫాదర్‌కు వచ్చాయి.

"ఎంత స్ట్రాంగ్‌గా రాయాలి ఆంటీ?" అని అడిగింది.

"మనల్ని మూసెయ్యాలనుకునేవాడికి కూడా తట్టనంత," అన్నాను.

అలాగే రాసింది. ఈ విభాగం అవసరం లేదనిపిస్తోంది అన్నది మొదటి వాక్యం. చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. ఫాదర్ మురిసిపోయి ఒక్క కామా కూడా మార్చలేదు.

ప్రొవోస్ట్ ఆఫీసు ట్రస్టీల కోసం ప్రతి నివేదికకూ ఒక పేజీ సారాంశం తయారుచేస్తుంది. తయారుచేసినవారు అభ్యంతరాలున్న మొదటి అధ్యాయం ఒక్కటే చూసి సరిపెట్టారు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తన విభాగాన్ని మూసెయ్యమని ఇంత నిజాయితీగా సిఫార్సు చేసిన చైర్‌ను ఇంతవరకు చూడలేదని బోర్డు నన్ను మెచ్చుకుంది. సిఫార్సును ఏకగ్రీవంగా ఆమోదించింది.

అన్వేష ఉత్తరం మళ్లీ మళ్లీ చదివి, "మనల్ని మనమే క్లోజ్ చేసుకున్నాం ఆంటీ. నా జాబ్ పోయింది, రైట్?" అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కాస్త తేలికగా ఉండేది. ఫాదర్ మాత్రం, థామస్ అంతటివారు కూడా చివరికి కలం పక్కనపెట్టి, తాను రాసిందంతా గడ్డిలా తోస్తోందన్నారని గుర్తుచేశారు. ఒళ్లు మండింది. ఆయన రాసింది మోక్షం కోసం, ఈ పిల్ల రాసింది ఉద్యోగం కోసం అన్నాను.

నిబంధనల ప్రకారం చైర్‌కు ఒకసారి అప్పీలు చేసుకునే హక్కుంది. బోర్డు ఎదుట నిలబడి, మొదటి అధ్యాయం మా అభిప్రాయం కాదని, వందల ఏళ్ల నాటి సంప్రదాయమని వివరించాను. బోర్డు చైర్మన్ ట్రక్కుల కంపెనీ యజమాని, మర్యాదస్తుడు. పొరపాటు జరిగిందని క్షమాపణ చెప్పి, నివేదిక మొత్తం చదివి వచ్చే సమావేశంలో తేలుస్తామన్నాడు. అన్న మాట ప్రకారం అందరూ మొత్తం చదివారు. మళ్లీ మూసెయ్యాలనే నిర్ణయించారు.

జవాబులు బాగున్నాయట. అభ్యంతరాలు ఇంకా బాగున్నాయట. చైర్మన్ చివరి అభ్యంతరాన్ని పైకి చదివాడు. న్యాయమంటే ఏమిటో నేర్పుతామనే విభాగం, తన దగ్గర ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న మనిషికి జబ్బు చేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లే దారి చూపలేదు. కాబట్టి అక్కడ న్యాయం నేర్పుతున్నారని చెప్పలేం. దానికి నేను రాసిన జవాబు బడ్జెట్ పరిమితుల గురించి మూడు వాక్యాలు. అదీ చదివాడు. తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాను. అభ్యంతరాలు రాసింది ఎవరని అడిగితే అన్వేష పేరు చెప్పాను.

ఆ నెలాఖరుకే ఆమెకు కాలేజీ ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఫుల్‌టైమ్, ఇన్సూరెన్స్‌తో సహా. విభాగాల నివేదికలు చదివి లోపాలు చూపడం పని. ఫోన్ చేసింది.

"ఆంటీ, నేను ఈ జాబ్ తీసుకుంటే మీకు కోపం వస్తుందా?"

"వస్తుంది. తీసుకో."

తీసుకుంది. కోపం వచ్చింది, సెమిస్టర్ అయిపోయేదాకా ఉంది. విభాగం మూతపడింది. థామస్ కోర్సును ఫాదర్ ఉన్నన్నాళ్లు ఇష్టమైనవారు తీసుకునేలా ఉంచారు. మే నెలలో నేను రిటైరయ్యాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పదగింది ఒకటుంది. థామస్ గారు అభ్యంతరాలు ఒకరికి, జవాబులు ఒకరికి పంచిపెట్టలేదు. రెండూ తానే చేసుకున్నారు. ఎదుటివారి మాట తనకు తగిలి నొచ్చిన చోటే ఆయన జవాబు మొదలవుతుంది. అన్వేష అభ్యంతరం నాకు తగిలింది బోర్డు గదిలో, చైర్మన్ గొంతులో విన్నప్పుడు. అప్పటికి నా జవాబు అచ్చయి ఉంది.