పెద్ద టైర్లతో జగిత్యాల దగ్గరైంది

స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతోందని మా బావ ఈ రోజు తన కరెంటు కారుకు పెద్ద సైజు టైర్లు వేయించాడు. ఆ సంబరంలో అక్కనూ నన్నూ ఎక్కించుకుని కోరుట్ల నుంచి జగిత్యాల తీసుకెళ్లాడు. టైరు పెద్దదైతే అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, దాంతో కిలోమీటర్ల మీటరూ తక్కువ తిరుగుతుంది. ఎప్పటికన్నా ఒక కిలోమీటరు తక్కువ చూపించింది.

“చూసినవా బామ్మర్ది, జగిత్యాల మనకు దగ్గరికచ్చింది,” అన్నాడు బావ మురిసిపోతూ.

“మరి గంత దగ్గరి ఊరికి చార్జింగ్ ఎక్కువెందుకు పోయింది?” అంది అక్క.

తిరిగొచ్చేటప్పుడు చార్జింగ్ అడుగంటుతుంటే బావ ముందు ఏసీ ఆపాడు, తర్వాత పాటలు ఆపాడు. చివరికి అక్కవైపు తిరిగి, “నువ్వు గూడ జర మాట్లాడకు, చార్జింగ్ మిగుల్తది,” అన్నాడు.

ఇంటికైతే చేరాం. అక్క ఇంకా నోరు తెరవలేదు. ఇలాంటప్పుడు మీ ఇళ్లలో ఏం చేస్తారో బావకు కాస్త చెప్పండి.