కాళ్లకు అందిన ఇల్లు

మాది తొర్రూరు దగ్గర పెద్దవంగర అనే పల్లె. మా ఆయనకు హైదరాబాదులో గోదాము పని దొరికితే ఊరు విడిచి వచ్చాం. మొదట ఉన్న ఇల్లు నగరానికి అవతల కొసన. కరివేపాకు కావాలన్నా బస్సెక్కాలి. నాకు బోర్డులు చదవరావు. ఒకసారి ఎక్కకూడని బస్సెక్కి, ఎక్కడో దిగి, ఏడ్చుకుంటూ ఇల్లు చేరాను. అప్పటినుంచి ఆయన పని నుంచి వచ్చేదాకా కిటికీ పట్టుకొని కూర్చోవడమే. ఊళ్లో పొలానికీ అంగడికీ ఒంటరిగా తిరిగిన మనిషిని, పట్నం వచ్చి కాళ్లు లేనిదాన్నయ్యాను.

అందుకే ఇల్లు మారుదామన్నప్పుడు ఆయనకు ఒకటే చెప్పాను: "గది చిన్నగున్నా మంచిదే. అన్నిటికి నేను నడిచి పోయేటట్టుండాలె."

నడి నగరంలో ఒక పాత అపార్ట్‌మెంటు. మొదటి అంతస్తులో రెండు గదులు ఖాళీ. పై అంతస్తులో ఇంటావిడ. ఆమె వంటగది చూపించబోతే, "జర ఆగుండ్రమ్మా" అని నేను మళ్లీ కిందికి దిగాను. గేటుకు ఎడమవైపు నడిస్తే కిరాణం, పిండిగిర్ని, సర్కారు దవాఖాన. కుడివైపు కూరగాయల బండ్లు, వడ్రంగి దుకాణం, బడి. ఎక్కడా బోర్డు చదవాల్సిన పని పడలేదు. పిండి వాసన, రంపం చప్పుడు నాకు దారి చెప్పాయి. తిరిగొచ్చి, గదుల్లోకి తొంగి కూడా చూడకుండా "మాకు నచ్చింది" అన్నాను. మా ఆయన తల పట్టుకున్నాడు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. ఇంటావిడది కోస్తా వైపు. భర్త పోయి ఒక్కతే ఉంటోంది. ఆమె భయం ఆమెది.

"ఇల్లిస్తానమ్మా. కానీ మీ ఊరివాళ్ళు గుంపుగా నా మెట్లెక్కి రాకూడదు. జెండాలు, నినాదాలు నావల్ల కాదు. వస్తే మాత్రం ఖాళీ చేయాల్సిందే."

ఒప్పుకున్నాను. ఆ ఇంట్లో నాకు మళ్లీ కాళ్లొచ్చాయి. ఆ ఇంటిని పోగొట్టుకునే ప్రసక్తే లేదు.

కొన్నాళ్లకు వంటావార్పు పిలుపు వచ్చింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే తిని నిరసన తెలపడం. బస్సులు లేవు, ఆటోలు లేవు. పొద్దున్నే మా పెద్దాడబిడ్డ పెద్దవంగర ఆడవాళ్లను వెంటేసుకొని, ముందురోజే జనగామ చేరి, తెల్లారుజామున రైలెక్కి వచ్చి, స్టేషను నుంచి అడుగుతూ అడుగుతూ నడిచి మా గేటు ముందు నిలబడింది. చేతిలో జెండా.

నేను పరుగున దిగి గేటు దగ్గరే ఆపి, ఇంటావిడ షరతు చెప్పాను. ఆడబిడ్డ మూతి తిప్పింది.

"పట్నంల ఇల్లు దొరికిందని ఊరంత చెప్పుకుంటివి గదనే పిల్లా! గిదేనా నీ ఇల్లు? మంచినీళ్లకు గూడ గేటు బైటనే నిలబెడ్తివి."

లోపలికి పిలిస్తే ఇల్లు పోతుంది. పిలవకపోతే ఊళ్లో నా మాట పోతుంది.

"వదినె, ఇయ్యాల అందరి వంట రోడ్డు మీదనే గద. నా పొయ్యి గూడ అక్కడనే పెడ్త. కూసోండ్రి" అన్నాను.

మా వంటింటి గిన్నెలన్నీ కిందికి మోసుకొచ్చాను. వడ్రంగి అన్న దగ్గర చెక్కముక్కలు తెచ్చాను. కిరాణపాయన సగం షట్టరు ఎత్తి కందిపప్పు, చింతపండు ఇచ్చాడు. బస్సు లేదని నగరమంతా పరేషాన్ అయింది గానీ, నాకు ఏ పనీ ఆగలేదు. గేటుకు ఎదురుగా, రోడ్డు వారన, మూడు రాళ్ల మీద అన్నం ఎసరు పెట్టబోతే ఇంట్లో పట్టి ఉంచిన నీళ్లు అయిపోయాయి. ఆ పూట వీధి నల్లా రాలేదు.

అప్పుడు పైనుంచి ఇంటావిడ గొంతు.

"ఏమ్మా! నేను చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి?"

"ఒక్కలు గూడ మెట్టెక్కలేదమ్మా! సూడుండ్రి, చెప్పులు గూడ గేటు బైటనే ఉన్నయ్."

ఆమె వంగి గేటు బయటి చెప్పుల వరుస చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇక నా సామాను కూడా గేటు బయటేననుకున్నాను. అంతలో మోటరు చప్పుడైంది. పై అంతస్తు పిట్టగోడ మీదుగా ఆకుపచ్చ పైపు ఒకటి మెల్లగా దిగివచ్చింది.

"పట్టుకో అమ్మాయ్, నీళ్లు పోతున్నాయి!"

అన్నం, పప్పు, పచ్చిపులుసు అయ్యేసరికి ఎండ మండుతోంది. ఇంటావిడ తన కంచం తానే తెచ్చుకొని కిందికి వచ్చింది.

"వాళ్ళను ఎండలో కూర్చోబెడతావేం? మెట్ల మీద నీడగా ఉంది, రమ్మను."

మా ఆడబిడ్డ జెండాను గేటుకు ఆనించి వెళ్లి, ఆమె పక్కనే కూర్చుంది. పచ్చిపులుసు నోట పెట్టి ఇంటావిడ, "కాచలేదా దీన్ని?" అంది.

"కాస్తే గది పచ్చిపులుసెట్లయితదమ్మా!" అని ఆడబిడ్డ ఇంకో గరిటె పోసింది.

రాష్ట్రం వచ్చేదాకా, వచ్చాక కూడా మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ షరతు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా ఆడబిడ్డ మాత్రం తొర్రూరు బస్సులో ఎవరు దొరికినా చెప్పేదట: "మా మరదలింటికి పోతే ఆటో ఎక్కే పనే లేదు. ఆమె ముంగట నడుస్తది, పట్నమంత ఎన్కనే వస్తది."