మూడు మొగ్గల పన్ను

దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకోండి, పొయ్యి మీద పాలున్నాయంటే దించి రండి. నేను మొదలుపెడితే మధ్యలో ఆపను, ఆపితే మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.

మొన్న ఇల్లందు సంతలో మా ఆయన మేకను బేరం చేస్తూ దాని కింది పెదవి కిందికి గుంజి పళ్లు చూశాడు. ఆ నోట్లోంచి నమిలిన ఆకు వాసన, పచ్చిగా, కొంచెం పుల్లగా వచ్చింది. "రెండు పళ్లది, లేతదే" అన్నాడాయన. నేను మాత్రం మనసులో చర్ల అవతల అడవిలో ఉన్న మా గూడేనికి వెళ్లిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ ఏటి విత్తనాల పండుగే గుర్తొస్తుంది.

రెండువేలు దాటిన కొత్తలో సంగతి ఇది. ఎండాకాలం చివర మా గూడెం నిండా వాసనలే. ఎండబెట్టిన ఇప్పపూల తీపి వాసన, కట్టలు కట్టి కళ్లంలో పరిచిన తునికాకు వాసన, చింతపండు గింజ తీస్తున్న ముసలమ్మల చేతుల వాసన. మేం పిల్లలం చింతగింజలు అరగదీసి పచ్చీసు ఆడుకునేవాళ్లం, తాటిముంజెలు తిని ఆ బుర్రలకు పుల్లలు గుచ్చి బండ్లు చేసి దొర్లించేవాళ్లం. అమ్మ జొన్న అంబలి కుండ నీళ్ల గాబు పక్కన తడి ఇసుకలో పెట్టేది, మధ్యాహ్నం తాగితే కడుపులో చెట్టునీడ పడ్డట్టుండేది. మొదటి మబ్బు కనపడేసరికి ఈ ఆటలన్నీ మానుకుని అందరం విత్తనాల పండుగ కోసం ఎదురుచూసేవాళ్లం.

ఆ పండుగ తీరు మీకు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ తెలియదు. ప్రతి ఇల్లూ తన విత్తనం మోదుగాకు పొట్లంలో తెచ్చి దేవర గద్దె ముందు పెట్టాలి. మగవాళ్లు విల్లంబులు తీసుకుని వేటకు పోవాలి. ఉత్త చేతులతో వచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించి, నోటికొచ్చిన పాటలు కట్టి, ఇంటిదాకా తరుముతారు. వేట దొరికితే దాని నెత్తుటి చుక్క విత్తనాల్లో కలిపి, అందరి విత్తనం ఒకటిగా పోసి, ఇంటికొక దొప్ప పంచుతారు. ఆ దొప్ప అందకుండా ఎవరూ పొలంలో గింజ వేయరు. వేట చట్టం ఒప్పుకోని పని అని అప్పటికే అందరికీ తెలుసు. ఫారెస్టువాళ్ల జీపు చప్పుడు వినపడుతుందేమోనని ఒక చెవి ఎప్పుడూ బాట వైపే ఉండేది.

ఇంకొక కట్టడి ఉంది. వేటలో తల్లిపాలు మరవని జంతువు పిల్లను కొట్టిన ఇంటికి ఆ ఏడు దొప్ప లేదు. పొలం బీడుగా ఉండాల్సిందే. పిల్లా పెద్దా తేల్చేది మా అమ్మ వాళ్ల నాన్న జోగయ్య తాత. కొమ్ము చూసి వయసు చెప్పేవాళ్లను ఆయన లెక్కచేసేవాడు కాదు. కొమ్ములు ఏటేటా రాలి మొలుస్తాయి, తిండి బాగుంటే పెద్దవవుతాయి, లేకుంటే చిన్నవవుతాయి, పన్ను మాత్రం అబద్ధం ఆడదు అనేవాడు. దుప్పి కింది దవడ కోసి, బూడిదతో రుద్ది కడిగి, నమిలే పళ్లలో ముందు నుంచి మూడోదాన్ని చూసేవాడు. దాని పైన మొనదేలిన మొగ్గలు మూడుంటే పాల పన్ను, అంటే పిల్ల. అది ఊడి రెండు మొగ్గల పన్ను వస్తే పెద్దది. ఆ పైన పళ్ల అరుగుదల చూసి, తిరగలి రాయిలా నున్నగా ఉంటే ముసలిదని చెప్పేవాడు. చూసిన దవడలన్నీ మా చూరుకు తాడు కట్టి వేలాడదీసేవాడు. గాలికి అవి ఒకదానికొకటి తగిలి టకటకమనేవి.

నేను చెప్పబోయే పండుగకు ముందటేడు, మా గూడెంలోనే ఉండే లచ్చమ్మ అత్త వాళ్ల అక్క ఇంటికి దొప్ప అందలేదు. వాళ్లు కొట్టిన దుప్పి పన్ను చూసి తాతే పిల్ల అన్నాడు. ఆ ఇంటివాళ్లు పొలం బీడు పెట్టి ఖమ్మం వైపు మిరపకాయ కోతలకు పోయారు, మళ్లీ రాలేదు. వాళ్ల పాప నాతో పచ్చీసు ఆడేది. నా గింజలు కొన్ని దాని దగ్గరే ఉండిపోయాయి.

ఆ ఏడు వేటలో అందరూ ఉత్త చేతులతో వచ్చారు, మా నాన్న తప్ప. మా నాన్న ఏటి అవతల దుమ్ముగూడెం వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. భుజం మీద దుప్పితో వాగు దాటి వస్తుంటే అమ్మ ముఖం వెలిగింది. లచ్చమ్మ అత్త అప్పటికే తన మొగుడి నెత్తిన ముంతెడు పేడనీళ్లు పోసి, రెండో ముంత ఎవరి మీద పోయాలా అని చూస్తోంది. ఆమె దుప్పి దగ్గరికి వచ్చి నిలబడింది. కొమ్ములు వేలంతే ఉన్నాయి.

"ఏందన్నా, తల్లి ఎన్క తిరిగేదాన్ని కొట్టుకొచ్చినవ్? ఏటి అవతలోళ్లకు పిల్లకు, పెద్దకు ఫరకు తెల్వదా?"

"ఒంటిగ మేస్తాంది చెల్లే, తల్లి లేదు" అన్నాడు నాన్న.

అప్పుడే వాగు అవతలి పొదల్లోంచి ఆడ దుప్పి కూత వినపడింది. ఒకసారి కూసి ఆగింది, మళ్లీ కూసింది. పాటలు పాడుతున్న ఆడవాళ్లు ముంతలు కింద పెట్టారు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నొక్కుకుని నాకు ఎర్రగా కమిలింది. మా విత్తనం పొట్లం గద్దె ముందే ఉంది. అది ఇంకా విప్పలేదు.

తాత కత్తి తీసుకుని లేచాడు. లచ్చమ్మ అత్త అడ్డం వచ్చింది.

"నీ అల్లుడు మామా. నువ్వొక్కనివే చూస్తే ఒప్పుకోం. మా అక్క ఇంటికొక నాయం, నీ ఇంటికొక నాయమా?"

"అవ్ బిడ్డా. నువ్వే పట్టుకో" అన్నాడు తాత.

చెంపలు చీరి దవడ తీయడానికి చాలాసేపు పట్టింది. ఎండకు అది బిగుసుకుపోయింది. ఆ నోట్లోంచే నేను చెప్పిన పచ్చి ఆకు వాసన వచ్చింది. మబ్బు కమ్ముకుని, గాలి ఆగిపోయి, చెమట ధారగా కారుతోంది. లచ్చమ్మ అత్త ఆ దవడను కడిగి, బూడిద రుద్ది, మళ్లీ కడిగి, తాత ముఖం ముందు పట్టుకుంది. తాత వంగి చూశాడు. చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"మూడు మొగ్గలే" అన్నాడు.

అంతే అన్నాడు. నాన్న గద్దె దగ్గరికి నడిచి, వంగి మా విత్తనం పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. మిరపకాయ కోతలంటే నాకు తెలుసు, ఆ కోతలకు పోయినవాళ్ల ఇంటి తడికె పడిపోయి మేకలు లోపలికి పోవడం రోజూ చూసేదాన్ని. మా తడికె కూడా అట్లనే పడిపోతుందని నాకు భయం పట్టుకుంది.

దవడ ఇంకా లచ్చమ్మ అత్త చేతిలోనే ఉంది. ఆమె బొటనవేలు ఆ పన్ను మీదే ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నట్టే ఉంది. కోపం లేదు, సంతోషం లేదు, ఏదో లోపల గింజుకుంటున్నట్టుంది. ఆ క్షణం ఆమె ఊరుకుంటే ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆమె అక్క పోయిన బాటనే మేమూ పోయేవాళ్లం.

"మామా" అంది నెమ్మదిగా. "ఇది కదుల్తాంది."

తాత తల తిప్పాడు. ఆమె వేలితో నొక్కింది. మూడు మొగ్గల పన్ను చింతగింజ పైపొట్టులా పైకి లేచి ఆమె అరచేతిలో పడింది. కింద తెల్లగా, కొత్తగా, రెండు మొగ్గల పన్ను సగం పొడుచుకుని వచ్చి ఉంది.

గుంపులో ఎవరో పాల పన్ను నోట్లో ఉంటే పిల్లే అన్నారు. అప్పుడు లచ్చమ్మ అత్త నా గదవ పట్టుకుని నోరు తెరిపించింది. నాకు ముందు పన్ను ఊగుతోంది.

"గిదానికి పన్ను ఊగుతాంది. గిది తల్లి పాలు తాగుతాందా? ముంతెడు అంబలి తాగి ఇంకో ముంత కావాలంటది."

నవ్వు వచ్చినవాళ్లు కూడా నవ్వలేదు. తాత వైపే చూశారు. తాత నాన్న చేతిలోంచి పొట్లం తీసుకుని, తిరిగి గద్దె ముందు పెట్టాడు. అమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

అంతటితో అయిపోయిందని నేననుకున్నాను. కానీ లచ్చమ్మ అత్త కదల్లేదు.

"మా అక్కప్పుడు ఎవరన్నా ఏలు పెట్టి చూసిన్రా మామా?"

కూత ఆగిపోయింది, ఆకు కదలడం లేదు. తాత మెల్లగా మా ఇంటి చూరు దగ్గరికి వెళ్లి, తాడు మీద ఉన్న దవడలు ఒక్కొక్కటే పక్కకు తోసి, ముందటేడుది విప్పుకొచ్చాడు. అందరి ముందు పన్ను మీద వేలు పెట్టాడు. ఎండిన ఎముకలోంచి అది ఇట్టే ఊడి వచ్చింది. లోపల రెండు మొగ్గల పన్ను, బయటికి రాకముందే ఆగిపోయి, అట్లనే ఉంది.

తాత విత్తనాలు కలిపి, నిండుగా ఒక దొప్ప నాన్నకిచ్చాడు. రెండో దొప్ప నింపి, రెండు చేతులా లచ్చమ్మ అత్తకిచ్చాడు.

"గిది మీ అక్కది" అన్నాడు.

ఆమె దాన్ని పట్టుకుని బస్సెక్కి ఖమ్మం వైపు పోయింది. మిరప తోటలన్నీ తిరిగి అక్కను కనుక్కుంది గానీ ఆమె రానన్నది, తాత నోటి నుంచి ఒకసారి వచ్చిన మాట మళ్లీ వెనక్కి పోతుందా అన్నదట. లచ్చమ్మ అత్త తిరిగి వచ్చి ఆ గింజలు అక్క బీడు పొలంలో తానే చల్లింది. పండిన జొన్నలు మూట కట్టి ప్రతి ఏడూ అక్కకు మోసుకుపోయేది, తను బతికున్నన్నాళ్లూ. తాత మాత్రం ఆ పండుగ తర్వాత దవడల తాడు విప్పి వాగులో వేసి వచ్చాడు. మళ్లీ ఎవరి పన్నూ చూడలేదు.

ఇప్పుడు మా గూడెంలో వేట లేదు, పండుగకు కోడితో సరిపెడుతున్నారు. విత్తనం ప్యాకెట్లలో వస్తోంది. తాత లేడు, లచ్చమ్మ అత్త లేదు. వాగు మీద వంతెన వచ్చింది, అవతల దుప్పి కూసి ఎన్నేళ్లయిందో చెప్పేవాళ్లు కూడా లేరు. సంతలో మేక నోట్లో వేలు పెట్టి మా ఆయన లేతదే అన్నప్పుడు, బాగా నొక్కి చూడమని రెండుసార్లు అన్నాను. ఎందుకో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మీకు చెప్పాను.

ఇక లేవండి, పొద్దు పోయింది. మీ ఇంట్లో ఎవరినీ తొందరపడి గడప దాటించే రోజు రాకూడదు. పోయినవాళ్లు పిలిస్తే పలికేంత దగ్గర్లోనే ఉండాలి. మీ పొయ్యి ఆరకుండా ఉండాలి, మీ పిల్లలు కడుపు నిండా తిని నిద్రపోవాలి.