అత్తమ్మకు కరెంటు పెట్టిన రోజులు

నా చిన్నప్పుడు కరెంటు అంటే నాకు తెలిసింది పెద్దబావి మీద గిర్రున తిరిగే మోటారు ఒక్కటే. మా ఖాజాగూడ ఇళ్లలో అప్పటికింకా కందిళ్లే వెలిగేవి. అందుకే మా మేనత్తకు పట్నం దవాఖానలో కరెంటు పెడతారని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే నాకు ఎక్కడలేని ఆరాటం పుట్టింది. తీగలు ఎక్కడ కడతారు, నొప్పి పెడుతుందా, పెట్టించుకుని వచ్చాక అత్తమ్మ చీకట్లో వెలుగుతుందా అని తెగ ఆలోచించేదాన్ని. ఎవరినైనా అడిగితే కసురుకునేవాళ్లు.

మా మేనత్త నాన్న కంటే చాలా పెద్దది. నాయనమ్మ పోయేనాటికి నాన్నకు సరిగా నడకైనా రాలేదట. ఎత్తుకుని తిప్పింది, ముద్దలు కలిపి పెట్టింది ఆమే. భర్త పోయాక మా ఇంటికే వచ్చి ఉండిపోయింది. ఆ ఏడు ఆమె రొమ్ములో గడ్డ లేచింది. ముందు ఊళ్లో ఏదో పసరు కట్టారు. తగ్గకపోయేసరికి పట్నం తీసుకుపోతే, కోసి తీసి, అది క్యాన్సర్ అన్నారు. పుండు మానాక కొన్నాళ్లు కరెంటు పెట్టించుకోవాలని చెప్పి పంపారు.

ఆ మాట విన్నప్పటి నుంచి మా నాన్న వేరే మనిషి అయిపోయాడు. అత్తమ్మ పడుకునే అర్రలోకి అడుగు పెట్టేవాడు కాదు. పొలం నుంచి వచ్చి గడ్డివాము వెనక కూర్చుని బీడీ తర్వాత బీడీ కాల్చేవాడు. కంచంలో అన్నం కెలికి వదిలేసేవాడు. దగ్గు ఎక్కువైంది, చొక్కా ఒంటి మీద వేలాడసాగింది. పలకరించడానికి వచ్చిన ఒక చుట్టం, జబ్బు అక్కకా తమ్ముడికా అని మా అమ్మను చాటుగా అడగడం నేను విన్నాను. అత్తమ్మ మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉండేది.

కరెంటు మొదలైన కొత్తలో, ఒక సాయంత్రం దవాఖాన నుంచి వచ్చాక ఆమె నాన్నను గుమ్మం దగ్గరికి పిలిచింది.

“డాక్టర్ సాబ్ చెప్పిండు తమ్మీ. రోజూ పొద్దుగాల చెరువు కట్ట మీద నడవాలెనంట. ఒక్కదాన్నే పోవద్దంట, సొంత రక్తమున్నోడు పక్కన ఉండాలెనంట. బీడీ పొగ నా దగ్గరికి రావద్దంట.”

నాన్న సరేనని తల ఊపాడు. తనకు ఎదురుగా కూర్చుని ఒకరు కడుపునిండా తింటే గాని ముద్ద దిగడం లేదని ఆమె మరునాడు ఇంకొకటి చేర్చింది. దాంతో నాన్నకు జొన్న గటక, ఆకుకూర ఆమెతో పాటే తినక తప్పలేదు.

నాకు మాత్రం ఇది పెద్ద చిక్కుముడి అయి కూర్చుంది. పక్కన తమ్ముడు నడిస్తే అక్క ఒంట్లో కరెంటు ఎట్లా పని చేస్తుంది? ఒక్క తీగతో మోటారు తిరగదని ఎవరో అనగా విన్నాను. మనుషులకు కూడా అంతేనేమో, ఇద్దరు కావాలేమో అని సర్దిచెప్పుకుని, ఎట్లా జరుగుతుందో చూద్దామని రోజూ వాళ్ల వెనకే కట్ట మీదికి పోయేదాన్ని.

మొదట్లో మాటలే లేవు. నాన్న గబగబా ముందుకు పోయి, దగ్గు ఆపుకోలేక నిలబడిపోయేవాడు. కోత కోయించుకున్న మనిషి వచ్చి ఆయన కోసం ఆగేది. బీడీలు తగ్గిన కొద్దీ దగ్గూ తగ్గింది. ఒకరోజు నాన్న నీళ్ల వైపు చూస్తూ, “అక్కా, భయమైతుందా?” అని అడిగాడు.

“ఐతది. మిషిన్ కింద పండవెట్టి, అందరు బయటికి పోయి తలుపేస్తరు సూడు, గప్పుడైతది. ఇప్పుడైతే లేదు.”

నాన్న కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఆపలేదు, పక్కనే నిలబడింది. ఇంటికి వచ్చాక ఆయన తనంతట తానే ఆమె అర్రలోకి పోయి మంచం అంచున కూర్చున్నాడు.

దవాఖానకు పోవాలంటే హఫీజ్‌పేట దాకా బండిలో పోయి రైలెక్కాలి. ఎంతో బతిమాలితే నన్నూ ఒకసారి తీసుకుపోయారు. అక్కడ గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. నాన్న బయట కూర్చున్నాడు. లోపల ఆవిడ అత్తమ్మ మెడ కింద ఊదారంగు సిరాతో గీతలు దిద్దుతుంటే నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఆవిడ విసుక్కోలేదు. తీగలేమీ ఉండవని, కంటికి కనపడని ఒక రకం వెలుగు ఆ గీతల మధ్య పడుతుందని, లోపలి చెడ్డ కణాలను అదే చంపుతుందని చెప్పింది. మరి తమ్ముడు లేనివాళ్లతో ఎవరు నడుస్తారు అని అడిగాను. ఆవిడకు అర్థం కాలేదు.

“తమ్ముడు నడవాలని ఎవరన్నారమ్మా? అలసట రాకుండా ఆవిడ నాలుగడుగులు వేస్తే మంచిదన్నారు డాక్టరు గారు. అంతే.”

తిరుగు రైలులో నాన్న కిటికీకి ఆనుకుని నిద్రపోయాడు. నేను అత్తమ్మ చెవిలో ఈ సంగతి అడిగాను. ఆమె నా జుట్టు సవరిస్తూ మెల్లగా చెప్పింది.

“నా రోగం సూసెతందుకు డాక్టర్ సాబ్ ఉన్నడు బిడ్డా. మీ నాయినను ఎవలు సూడాలె? తినురా అంటె తినడు. నాకోసం అంటె తింటడు.”

మరి దానివల్ల నీకేం లాభం అని అడిగాను. ఆమె నిద్రపోతున్న నాన్న వైపు చూసింది.

“వాని ఫికర్‌ల వడితె నా ఫికర్ యాదికి రాదు.”

కరెంటు పూర్తయ్యాక అత్తమ్మ కొన్నేళ్లు బాగానే తిరిగింది. తర్వాత జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి నాన్న గడ్డివాము వెనక్కి పోలేదు. ఆమెను రెండు చేతులా ఎత్తి ఎండలో కూర్చోబెట్టేవాడు, తల దువ్వేవాడు, జావ తాగించేవాడు. అదంతా చేయగల బలం అప్పటికి ఆయన ఒంట్లో ఉంది. ఆయన చేతుల్లోనే ఆమె పోయింది.

నా పెళ్లయి పిల్లలు పుట్టాక ఒకసారి, డాక్టరు అట్లా చెప్పలేదని నీకు తెలుసా అని నాన్నను అడిగాను. “డాక్టర్ చెప్పిండని నేనెన్నడు నమ్మలే. అక్క చెప్పిందని నడిచిన” అన్నాడు.

ఇన్నేళ్లలో మా వాళ్ల ఇళ్లలో చాలా జబ్బులు చూశాను. ఎవరింటికి పోయినా మంచం మీది మనిషిని పలకరించాక, గుమ్మం దగ్గర ఎండిన పెదవులతో ఎవరు నిలబడి ఉన్నారా అని నా కళ్లు వెతుకుతాయి. తిన్నావా అని అడిగితే తిన్నాననే అంటారు. అందుకని నేను ఇంట్లో తినకుండా పోతాను. ఆకలేస్తోంది, నాతో కూర్చో అంటాను.